తడిగోడలు, విద్యుత్తు: కలెక్టరు గారికి బహిరంగ లేఖ

వికారాబాదు జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

అనంతగిరి కొండలపై మేఘములు క్రమ్మి ముసురు పట్టినంతనే, వికారాబాదునందును, కాగ్నా తీరమునగల తాండూరునందును, నాపబండలు పరచిన పాతయిండ్ల కప్పుల సందులగుండ నీరు గోడలలోనికి దిగి తీగెల అతుకులను తడుపగా, లీకేజీ బ్రేకరు పడిపోవుచున్నది. ఎత్తిన మరల పడును. బోర్డు విప్పి చూచినచో నల్లబడిన టేపును, పచ్చని చిలుము పట్టిన రాగితీగెయు కానవచ్చును. విసిగిన గృహస్థు బ్రేకరును తప్పించి తీగెను నేరుగా కలిపించుకొనుచున్నాడు. దీపము వెలుగును గాని, నాటినుండి ఆ తడిగోడయే ప్రాణాంతకమగును.

30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము దారితప్పి నేలలోనికి జారినను, సెకనులో మూడవవంతు గడువకమున్నే సరఫరాను ఖండించు ఆ పరికరము మన ప్రాణరక్షకము. సాధారణమైన ఫ్యూజు అంతటి స్వల్పప్రవాహమునకు చలింపనే చలింపదు. తాండూరు ప్రాంతమున మట్టిపొర పలుచనై, అడుగున బండ తగులుచోట్ల ఎర్తింగు సరిగా కుదురుటయు దుర్ఘటమే గనుక, అచ్చట ఈ రక్షణ మరింత యావశ్యకము.

కావున తొలకరికి పూర్వమే లైసెన్సుగల వైర్‌మెనులచే, మొదట అంగన్‌వాడీలను, పాఠశాలలను, పిమ్మట పేదల గృహములను ఉచితముగా పరీక్షింపజేయుటకును, బ్రేకరును తప్పించు పనివారిని వారించుటకును ఉత్తరువు లొసగవలెనని సవినయముగా ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ జిల్లా పౌరుడు