చూసేదీ వాళ్లే, సరిచూసేదీ వాళ్లేనా?

హైదరాబాదులో పెద్దోళ్ల ఫోన్లు విన్నారంట, మన తిరుపతి, చిత్తూరు పల్లెలకు దాంతో ఏం పని అని అడిగే మిత్రులున్నారు. పని ఉంది.

మావోయిస్టుల మీద నిఘాకని పెట్టిన ఎస్.ఐ.బి.లో పనిచేసిన పోలీసు అధికారి మీద 2024 మార్చిలో కేసు పడింది. ప్రతిపక్ష నాయకుల ఫోన్లు, విలేకరుల ఫోన్లు, ఆఖరికి హైకోర్టు జడ్జి ఫోను కూడా విన్నారన్న ఆరోపణలొచ్చాయి. తెలంగాణ హైకోర్టు తనంత తానే విచారణకు తీసుకుంది. జడ్జి ఫోనుకే దిక్కు లేకుంటే, ఎరుకల కాలనీ గడపకు దిక్కెవరు?

మన మీద నిఘా ఫోనుతో మొదలు కాలేదు. తెల్లదొరలు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలోళ్లకు పుట్టుకే నేరమైంది. 1952లో ఆ చట్టం పోయింది, స్టేషన్లో రిజిస్టర్లు పోలేదు. రౌడీషీటు తెరవమనేది పోలీసు ఆఫీసరే, ఏటేటా పొడిగించేదీ పోలీసు ఆఫీసరే. విముక్త జాతులోళ్ల పేర్లను కులం చూసి ఎక్కిస్తున్నారన్న ఆరోపణను 2024 మేలో సుప్రీంకోర్టే ప్రస్తావించి, రాష్ట్రాలన్నీ నిబంధనలు తిరగజూసుకోవాలంది.

ఫోన్ల సంగతీ అంతే. 1996లో సుప్రీంకోర్టు ఒక్కో ఉత్తర్వుకు రెండు నెలలు, మొత్తం ఆరు నెలలని గడువు పెట్టింది. ముందుగా జడ్జి అనుమతి కావాలన్న కోరికను మాత్రం ఒప్పుకోలేదు. రాష్ట్రంలో ఉత్తర్వు ఇచ్చేది హోం సెక్రటరీ, సరిచూసేది చీఫ్ సెక్రటరీ కమిటీ. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2024 డిసెంబరులో కొత్త నిబంధనలొచ్చాయి. వాటిలోనూ జడ్జికి చోటు లేదు.

రాజ్యాంగానికి గుండె, ఆత్మ 32వ అధికరణమేనన్నాడు బాబాసాహెబ్. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకు పొమ్మనే అధికరణం అది. తన ఫోను విన్నారన్న సంగతే తెలియనోడు ఏ కోర్టుకు పోతాడు?

దేశానికి భద్రత వద్దా అంటారు. కావాల. బాంబు పెట్టేవాడి మాట వినొద్దని మనం అనడం లేదు. ఇల్లు సోదాకు మేజిస్ట్రేటు వారంటు అనే పద్ధతి చట్టంలో ఉన్నప్పుడు, మాట సోదాకు ఎందుకుండకూడదు? జడ్జి దేవుడేం కాదు, పై కోర్టుల్లో మనోళ్లెందరో మనకు తెలుసు. అయినా కారణం కాగితం మీద రాసి, బయటి మనిషి ముందు పెట్టాల్సొస్తే అధికారి చెయ్యి కొంచెమైనా వెనకాడుతుంది.

అందుకే అడుగుదాం. వినకముందు జడ్జి అనుమతి కావాల. విన్నాక, పని ముగిశాక ఆ మనిషికి చెప్పాల. రౌడీషీటు తెరిస్తే కారణం రాసివ్వాల, దాన్ని జిల్లా జడ్జి ఏటా చూడాల. కాపలావాడికీ కాపలా ఉండేదే ప్రజాస్వామ్యం.