నీరు వికృతి కాదు

ఐరాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన రోజుల్లో, ప్రకృతి వికృతుల పాఠం వచ్చినప్పుడల్లా ‘నీరము – నీరు’ అని నల్లబల్ల మీద వ్రాసేవాణ్ణి. అది తప్పు. ఆ తప్పును నేటికీ ఒప్పుగా బోధిస్తున్న మిత్రులతో వాదించడానికే ఈ నాలుగు మాటలు.

సంస్కృత నిఘంటువులో కనబడిన ప్రతి మాటా సంస్కృతంలోనే పుట్టిందనడం అలవాటే తప్ప ప్రమాణం కాదు. ఋగ్వేదంలో నీటికి ‘ఆపః’, ‘ఉదకం’ ఉన్నాయి. ‘నీర’ శబ్దం లేదు. ఉదకానికి ఐరోపాలో చుట్టాలున్నారు: రష్యన్ ‘వొదా’, ఆంగ్ల ‘వాటర్’, ప్రాచీన గ్రీకు ‘హ్యూదోర్’. ‘నీర’కు ఆ వైపున బంధువులెవరూ కనబడరు. ఇటు చూడండి: తమిళ మలయాళాల్లో ‘నీర్’, కన్నడంలో ‘నీరు’, ఎక్కడో బలూచిస్తాన్‌లోని బ్రాహూయీలో ‘దీర్’. మనకు కన్నీరైతే తమిళులకు ‘కణ్ణీర్’. బరో పండితుడు 1955 నాటి తన సంస్కృతభాషా గ్రంథంలో ‘నీర’ను ద్రావిడం నుండి వచ్చిన ఎరువుగానే లెక్కించాడు.

ద్రావిడులందరూ సంస్కృతం నుండే తెచ్చుకొన్నారేమో అంటారా? వేదంలోనే లేని మాట కోసం ఎదురుచూస్తూ, అంతవరకు వీరందరూ పేరులేని ద్రవంతో దాహం తీర్చుకొన్నారా?

వికృతి అంటే మార్పు చెందినదే గాని వికారమైనది కాదని పెద్దలు సమాధానం చెబుతారు. అంగీకరిస్తాను. కానీ మారడానికి మూలమంటూ అక్కడ ఉండాలి గదా!

రెండో పక్షం వారికీ ఒక మాట. నేటి గ్రీకులు నీటిని ‘నెరో’ అంటారు గనుక అది మన మాటే అని మురిసేవారున్నారు. కాదు. అది ‘నేరోన్ హ్యూదోర్’, అనగా తాజా నీరు, అన్న పదబంధంలో రెండో మాట రాలిపోగా మిగిలిన విశేషణం. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. సంస్కృతాభిమానులకు పనికిరాని తర్కం మనకు మాత్రం ఎలా పనికివస్తుంది?

నేను సంస్కృతద్వేషిని కాను. ఆ భాష పెట్టిన అన్నం తిన్నవాణ్ణి. ఒక మాట ఎరువు తెచ్చుకొన్నంత మాత్రాన దాని గౌరవం తగ్గదు. కానీ తల్లి ఒడిలో నేర్చిన తొలి మాటల్లో ఒకదానిని, ఇది నీది కాదని బిడ్డకు చెప్పే హక్కు మనకు లేదు. నా వద్ద చదివినవారిలో కొందరు నేడు ఉపాధ్యాయులు. నాయనలారా, ఆ పట్టికలో ఒక్క వరుస కొట్టివేయండి. మీ పంతులు పొరబడ్డాడని పిల్లలకు చెప్పండి.