తారురోడ్డు ఆగిన చోటే ఆగుతున్న వైద్యం
జనాభా నిబంధనల్లో ఇమడని గిరిశిఖర పల్లెలు
నొప్పులు వస్తే నేటికీ డోలీయే దిక్కు

పాడేరు: ఆసుపత్రి ఉంది. వైద్యులున్నారు. 108 వాహనమూ ఉంది. అయినా కొండమీది పల్లెలో పురిటి నొప్పులు మొదలైన గర్భిణికి ఇవేవీ సకాలంలో అందడం లేదు. తారురోడ్డు ఎక్కడ ఆగిపోతుందో ప్రభుత్వ వైద్యమూ అక్కడే ఆగిపోతోంది. అక్కడి నుంచి పల్లె వరకు మిగిలిన మూడు నాలుగు కిలోమీటర్ల కాలిబాటే మన్యంలో తల్లీబిడ్డల ప్రాణాలను నిర్ణయిస్తోంది.

బలమైన కర్రకు దుప్పటిని ఉయ్యాలలా కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ఇరువైపులా భుజాలకెత్తుకుని మోసుకురావడమే డోలీ. భుజాలు మార్చుకునేందుకు వెంట మరికొందరు నడవాలి. పురుషులంతా పనులకో, వారపు సంతకో వెళ్లిన రోజున మోసేవారే కరవు. వర్షాకాలంలో గెడ్డ పొంగితే నీరు తగ్గేవరకు గట్టునే నిరీక్షించాలి. సెల్‌ఫోన్ సంకేతాలు అందని పల్లెల్లో 108కు కబురు చెప్పాలన్నా ఒకరు ముందుగా ఎత్తయిన కొండ ఎక్కవలసిందే. ప్రసవానంతరం తీవ్ర రక్తస్రావమైతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోయే ప్రమాదం ఉందని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ రెండు గంటలూ ఇక్కడ కాలిబాటకే చాలడం లేదు.

పథకాలు వచ్చినా...

ప్రయత్నాలు జరగలేదని అనలేం. 2005లో 108 సేవలు ప్రారంభమయ్యాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద అంబులెన్సులు వెళ్లలేని దారుల కోసం 2018లో పడక అమర్చిన ద్విచక్ర వాహనాలను ఏజెన్సీకి ఇచ్చారు. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2024-25లో 50 సీట్లతో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ప్రతి అత్యవసర కేసుకూ వంద కిలోమీటర్లు దాటి విశాఖ కేజీహెచ్‌కు పరుగు తీయవలసిన అవస్థ దీనితో కొంతైనా తగ్గాలి. అయితే ఇవన్నీ రోడ్డు చేరిన రోగికి ఉపయోగపడేవే. ద్విచక్ర అంబులెన్సుకు సైతం చదునైన మట్టిబాట ఉండాలి. బండరాళ్ల మధ్య సాగే నిట్టనిలువు దారిలో అదీ కదలదు.

లెక్క తప్పుతున్నది ఇక్కడే

మైదానంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నిబంధన. గిరిజన ప్రాంతాల్లో దానిని 20 వేలకు సడలించారు. ఉప కేంద్రానికి 5 వేలకు బదులు 3 వేలు చాలు. సడలింపు మంచిదే గానీ, మూడు వేలమంది ఎన్ని కొండలపై, ఎన్ని గెడ్డల ఆవల ఉన్నారన్నది ఈ లెక్కలో కనిపించదు. ఇరవై ఇళ్లకొక పల్లెగా చెదిరి ఉన్నచోట ఒక్క ఏఎన్‌ఎం ఎన్ని పల్లెలకు నడవగలదు?

రోడ్లదీ ఇదే కథ. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన పల్లెలకు 500, గిరిజన ప్రాంతాలకు 250 జనాభా కనీస అర్హత. ఆదిమ గిరిజన తెగల కోసం 2023 నవంబరులో ప్రారంభించిన పీఎం జన్‌మన్ దానిని వందకు దించింది. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రూ.1,005 కోట్లతో ‘అడవితల్లి బాట’ చేపట్టింది. వందకు లోబడిన పల్లెల గర్భిణి మాత్రం ఎప్పటికీ అంకెకు ఆవలే మిగిలిపోతోంది.

అటవీ అనుమతులు అడ్డమన్న సమాధానమూ తరచూ వినవస్తుంది. కానీ 2006 నాటి అటవీ హక్కుల చట్టమే ఇందుకు దారి చూపింది. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, ఆసుపత్రి వంటి ఒక్కో అవసరానికి హెక్టారుకు లోబడిన అటవీ భూమిని వినియోగించుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్ల వరకు తొలగించవచ్చు. చిన్న చిన్న బాటలకు ఈ వెసులుబాటును వాడుకోవలసిన బాధ్యత అధికారులదే.

రోడ్డు పడేలోగా...

ప్రతి కొండకూ రోడ్డు ఒక్క ఏడాదిలో పడదు. అంతవరకు గర్భిణిని నొప్పులు రాకముందే కిందికి తీసుకురావడమే మార్గం. 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో గిరిశిఖర గర్భిణుల కోసం వసతి గృహం తెరిచి ఈ దారి చూపింది. అయితే ఇల్లాలు కొన్ని వారాలు ఇల్లు వదిలితే చిన్నపిల్లలను ఎవరు చూడాలి? పోడు పని, మేకలు ఎవరికి అప్పగించాలి? తోడు వచ్చిన వారి కూలి మాటేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ‘గిరిజనులే రావడం లేదు’ అనడం న్యాయం కాదు. పిల్లలతో సహా ఉండేందుకు చోటు, తోడు మనిషికి భోజనం, కోల్పోయిన కూలికి పరిహారం ఇస్తే రాకపోయే తల్లులు తక్కువ.

తిరుగు ప్రయాణమూ ఉంది. ప్రసవానంతరం ఉచితంగా ఇంటికి చేర్చాలన్న నిబంధన 2011 నుంచీ అమలులో ఉంది. కానీ ఆ వాహనమూ రోడ్డు చివరనే దింపేస్తుంది. పచ్చి బాలింత పసికందును ఎత్తుకుని కొండ ఎక్కవలసిందే.

ఎన్ని వాహనాలున్నాయి, ఎన్ని పడకలున్నాయి అన్న వివరాలు ప్రతి సమీక్షలోనూ చదువుతారు. అంబులెన్సు ఆగే చోటుకు ప్రతి పల్లె ఎంత దూరాన ఉంది, ఆ పల్లెలో నెలలు నిండుతున్న గర్భిణులెందరు అన్న పట్టికను ప్రతి ఆరోగ్య కేంద్రమూ గోడమీద పెట్టాలి. జనాభాను కాక, ఆ దూరాన్నే కొలమానంగా తీసుకుని రోడ్లకు వరుస నిర్ణయించాలి. డోలీ మోసే దూరం ఏటా ఎంత తగ్గిందో చెప్పగలిగిన రోజునే మన్యంలో వైద్యం అందుతోందని నమ్మవచ్చు.