బెంచీమీఁద నేర్చిన విద్య

ఆటలయందు మక్కువగల బాలికల తల్లులకు ఒక సందేహము కలుగుచుండును. "అమ్మాయి యాడుట బాగుగనే యున్నది. రేపు జట్టువా రెన్నుకొననిచో, పడిన శ్రమ యంతయు నీటిపాలే కదా?" అని. ఈ భయము నిరాధారమైనది కాదు. జీతమిచ్చి యాడించు జట్లు కొలఁది. వానిలో స్థానములు మఱియుఁ గొలఁది. అయినను ఎన్నికకు రాని పిల్ల అనుభవము నెట్లు గడింపఁగలదో తెలిసికొనుటకు, అమెరికాలో బాస్కెట్‌బాల్ క్రీడనే జీవనోపాధిగాఁ జేసికొనిన బెకీ హామన్ అను నామె చరిత్రము మిగుల నుపకరించునని మే మెంచుచున్నాము.

ఈ యాట 1891వ సంవత్సరమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమునఁ బుట్టినది. జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుఁడు ఎత్తున పండ్లబుట్టలు తగిలించి దీనిని గల్పించెను. కొలఁదికాలమునకే సెండా బెరెన్సన్ అను నుపాధ్యాయిని స్మిత్ కళాశాలలోని కన్యలకు నేర్పెను. 1893లో వారాడిన పోటీకి పురుషులను లోనికి రానీయలేదఁట! స్త్రీలకు జీతమిచ్చు సంఘములు మాత్రము నిలువలేదు. 1978లో నారంభమైన దొకటి 1981లో మూఁతపడెను. తుదకు నిలిచిన సంఘము 1997లోఁ బోటీలు మొదలిడినది.

హామన్ 1999లోఁ గళాశాల విడిచి వచ్చెను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళములు. ఈ యాటలో నది పొట్టితనమే. అంతకు ముందటి శీతకాలముననే మఱియొక స్త్రీల సంఘము మూఁతపడుటచే, అందలి యారితేఱినవారు పలువురు ఇచ్చటికే వచ్చిరి. జట్లు క్రొత్తవారిని వరుసగా నెన్నుకొను దినమున ఈమె పేరు ఎవ్వరును బిలువలేదు. న్యూయార్కు జట్టు సాధనశిబిరమునకు మాత్రము రానిచ్చెను. అచ్చట మెప్పించి జట్టులోఁ జేరినది. కాని తెరీసా వెదర్‌స్పూన్ అను ప్రసిద్ధురాలు విశ్రమించినప్పుడు దిగుటయే తొలుత నామె పని.

వారిరువురిదియు నొకే స్థానము. బంతిని ముందునకుఁ గొనిపోయి, ఎవరి కెప్పు డందింపవలెనో నిర్ణయించుట దాని ధర్మము. కాళ్లకంటెఁ గన్నులకే యెక్కువ పని. పెద్దకోడలు పోపు వేయుచుండఁగాఁ జూచి చిన్నకోడలు నేర్చినట్లు, ఇట్టి విద్య చూచియు నేర్వవచ్చును. ఆమె 16 ఏండ్లు వృత్తిలో నిలిచెను. సంఘపుఁ బోటీలు వేసవి నెలలకే పరిమితమగుటచే తక్కిన కాలమున ఐరోపా దేశములలో నాడెను. 2008లో రష్యా పక్షమున ఒలింపిక్ కాంస్యపతకము గెలిచి, స్వదేశమునఁ గొందఱి నిష్ఠూరమునకును బాత్రురాలయ్యెను.

2013లో, తన 36వ యేఁట, ఆమె మోకాలి నరము తెగెను. ఆ వయసున నిట్టి దెబ్బ తగిలిన పలువురకు ఆట యంతటితో ముగియును. అప్పుడామె శాన్ ఆంటోనియో స్త్రీల జట్టులో నుండెను. ఆ యూరి పురుషుల జట్టునకును యజమానులు వారే. పురుషుల శిక్షకుఁడు గ్రెగ్ పాపొవిచ్. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలనుండి తిరిగివచ్చునప్పుడు విమానములో నామె ప్రక్కనఁ గూర్చుండినవాఁడు. గాయము మానువఱకు మీ సాధనలు చూడవచ్చునా యని యామె యడిగెను, అతఁడు సమ్మతించెను. అది యుద్యోగము కాదు. అయినను ఆ యేఁడంతయు సాధనలకును, శిక్షకుల సమావేశములకును, పోటీల చిత్రములు చూచి తప్పొప్పులు విమర్శించు గోష్ఠులకును ఆమె హాజరగుచుండెను. ఆటలోఁ దాను చేయుచువచ్చిన నిర్ణయములను శిక్షకులు బయటనుండి యెట్లు తూఁచుదురో అచ్చటఁ గాంచెను. ఇంటి ప్రక్కనే యట్టి వాకిలి యుండుట ఆమె భాగ్యమనుట నిజమే; తలుపు తట్టినది మాత్రము తానే.

2014 ఆగస్టులో ఆ జట్టువారు ఆమెను జీతముపై సహాయశిక్షకురాలిగా నియమించిరి. పురుషుల సంఘములోఁ బూర్తికాలపు టట్టి యుద్యోగ మొక స్త్రీకి లభించుట అదియే ప్రథమము. 2015లో వేసవి పోటీలకుఁ బంపిన జట్టునకుఁ బ్రధానశిక్షకురాలై గెలిపించెను. 2020 డిసెంబరు 30న పాపొవిచ్‌ను న్యాయనిర్ణేతలు వెలుపలికిఁ బంపఁగా, మిగిలిన యాట నామెయే నడపెను.

ఇంత జరిగినను పురుష జట్లేవియు నామెకుఁ బ్రధానస్థానము నీయలేదు. 2021లో పోర్ట్‌లండ్ జట్టువా రామెతో సంభాషించి, తుదకొక పురుషునే నియమించిరి. ఎనిమిదేండ్ల శుశ్రూష చాలలేదు కాఁబోలు! ఆ సంవత్సరాంతమున లాస్ వేగాస్ స్త్రీల జట్టు ఆమెను బిలిచెను. అంతవఱకు నొక్కమాఱైనను విజేత కాని యా జట్టు 2022లో గెలిచెను. 2023లోను, 2025లోను మరల గెలిచెను.