చౌక షేరులు – చేదు నివేదికలు

ఏదేని యొక కంపెనీ లెక్కలయందు దోషమున్నదని నివేదిక యొకటి వెలువడినంతనే, ఆ కంపెనీ షేరులు కొన్నవారు రెండు కక్షలుగా చీలిపోవుట నేడు పరిపాటి యైనది. వ్రాసినవాడు ధర పడినచో లాభించువాడు గదా, వాని మాటకు విలువ యేమని యొక కక్ష. లాభించిన లాభించుగాక, అతడు చూపిన లెక్క తప్పో యొప్పో చెప్పుడని రెండవ కక్ష. మొదటి కక్షయందే జనమును, కేకలును మెండు. రెండుమూడు రూపాయలకు దొరకు షేరుల విషయమున, అనగా పెన్నీ స్టాకులని వాడుకబడినవాని విషయమున, ఈ వివాదము కలహమునకే దారితీయుచున్నది. ఏలయన వానిని కొనువారు కోటీశ్వరులు గారు. నెలజీతమున మిగిల్చుకొన్న సొమ్మును పదివేల షేరులుగా మార్చుకొని, రూపాయి పదిరూపాయలగు దినమున కెదురుచూచువారు. అట్టివానికి దోషము చూపినవాడు పగవాడుగా దోచుట సహజము. యథార్థవాది లోకవిరోధి యన్న సామెత మన భాషలో నున్నదే గదా.

ఈ పగకు మూలమైన వ్యాపార మేమో ముందుగా తెలిసికొనవలెను. ధర పడునని యెంచినవాడు తనయొద్ద లేని షేరును మఱియొకనియొద్ద ఎరువు దెచ్చి నేటి ధరకు అమ్మును. పిదప చౌకగా కొని, ఎరువు తీర్చును. నడుమ తేడా వాని లాభము. ధర పడక పెరిగినచో నష్టమును వానిదే. కొన్నవాని నష్టమునకు పెట్టిన సొమ్మే హద్దు. ఎరువు దెచ్చి అమ్మినవాని నష్టమునకు హద్దు లేదు. దీనినే షార్టు సెల్లింగు అందురు. ఇది నిన్న మొన్న పుట్టిన మాయ గాదు. 1609లో ఆమ్‌స్టర్‌డామునందు ఐజాక్ లెమెయిర్ అను వర్తకుడు తన తోడివారితో గూడి డచ్చి ఈస్టిండియా కంపెనీ షేరులను ఈ విధముగనే అమ్మజొచ్చెను. కంపెనీ డైరెక్టర్లు ప్రభుత్వముతో మొరపెట్టుకొనిరి. 1610లో చేతలేని షేరులను అమ్మరాదని శాసనము పుట్టెను. ఇంగ్లండులో 1734 నాటి బార్నార్డు శాసనము ఇట్టిదే. అది 1860 వరకు గ్రంథముననున్నదే గాని వ్యాపారము నాపలేకపోయెను.

ఇక చౌక షేరుల తీరు చూడుడు. కంపెనీ చిన్నది, సంతకు వచ్చు షేరులు స్వల్పము. పది పదునైదు ఖాతాలు గలవారు తమలో తాము కొనుచు నమ్ముచు నున్నచో ధర దినదినమును పై హద్దునకు ముట్టుచుండును. అది చూచి, ఏదో యున్నది గాబోలునని బయటివారు ప్రవేశింతురు. వారు కొనుచుండగా లోనివారు అమ్ముదురు. ఆపై ధర పడ మొదలిడినచో దినమునకు కొంత శాతముకంటె పడరాదను హద్దు సామాన్యునికి రక్షణ గాక సంకెల యగును. అమ్మువారే గాని కొనువారు లేక అతడు చిక్కుకొనును.

సాధనా బ్రాడ్‌కాస్ట్ అను కంపెనీ సంగతి ఇందుకు తగిన తార్కాణము. 2022 జూలైలో రెండు యూట్యూబు ఛానెళ్లలో దీనిని గూర్చి దృశ్యములు వెలువడెను. అదానీ సమూహము ఈ కంపెనీని కొనబోవుచున్నదనియు, అమెరికా సంస్థ యొకటి నాలుగు భక్తి చిత్రములకై 1,100 కోట్ల రూపాయల ఒడంబడిక చేసికొన్నదనియు అందు చెప్పిరి. (భక్తి చిత్రములే యేల కావలసివచ్చెనో గాని, పామరుని నమ్మించుట తెలిసినవారు వీరు.) ఇందొక్కటియు నిజము గాదు. సెబీ విచారణలో తేలిన అంకె యొకటి మనసున నిలుపుకొనదగినది: చిన్న వాటాదారుల సంఖ్య 2,167 నుండి 55,343కు పెరిగెను. సెబీ తొలి యుత్తరువు వెలువడినది 2023 మార్చిలో. తుది యుత్తరువు 2025 మే నెలలో. 59 మందిని ఒకటి మొదలు ఐదేండ్లవరకు సంత కడకు రాకుండ చేసి, 58 కోట్ల రూపాయలను, దానిపై వడ్డీని గూడ కక్కుమనిరి. మంచిదే. కాని 2022 జూలైకిని 2023 మార్చికిని నడుమ ఎనిమిది నెలలు గడచెను. ఆ ఎనిమిది నెలలలో ఆ అమెరికా సంస్థ పేరేమి, ఒడంబడిక కాగిత మెక్కడ యని అడిగినవా డొక్కడైన నున్నచో, ఆ ఏబది మూడు వేలమందిలో ఎందరు నిలిచి యాలోచించెడివారో!

ఎవ్వడు నేల అడుగలేదు? మా యభిప్రాయమున విషయమంతయు నిచటనే యున్నది. అబద్ధమాడినవానికి కోట్ల లాభము. నిజము చెప్పినవానికి కాసు లేదు. మనదేశమున షార్టు సెల్లింగు నిషిద్ధము గాదు. 2001 మార్చి సంక్షోభమునందు కొంతకాలము నిలిపివేయబడినను, 2008 ఏప్రిల్ నుండి పెద్ద సంస్థలకు సైతము అనుమతి గలదు. షేరులను ఎరువిచ్చు నేర్పాటును నాడే నిలుకడకు వచ్చినది. అయిన నా యేర్పాటు పెద్ద కంపెనీల షేరులకే గాని ఈ చౌక సరుకునకు వర్తించుట లేదు. పెక్కు చౌక షేరులను స్టాకు ఎక్స్ఛేంజీలు ప్రత్యేక నిఘాలో నుంచి, అమ్మినవాడు షేరు చేతికీయక తప్పదను కట్టుబాటు చేసినవి. కావున అందు ధర పెరుగుటకు పందెము కాయవచ్చును, పడుటకు కాయరాదు. ఏ వేలములో పాట పెంచువారికి మాత్రమే ప్రవేశ ముండునో, ఆ వేలమున సరుకు గుల్ల యని చెప్పువా డుండడు. ఉచితముగా చెప్పబూనినవానికి వకీలు నోటీసు సిద్ధము. పరువునష్టము మనదేశమున ఇప్పటికిని క్రిమినలు నేరమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను క్రింద రెండేండ్ల ఖైదు గలదు. ఎవనికోసము ఎవడు జైలుకు పోవును?

అట్లని దోషము చూపువారందఱు ధర్మాత్ములని మేము చెప్పబోము. నివేదిక వెలువరించి, జనము బెదరి అమ్ముచుండగా, తాను పొద్దుక్రుంకకమునుపే కొని లాభము మూటగట్టుకొనువారును గలరు. అమెరికాలో సిట్రను రీసెర్చి అను పేర నివేదికలు వ్రాసిన ఆండ్రూ లెఫ్టుపై 2024 జూలైలో ప్రభుత్వము మోపిన అభియోగము ఇట్టిదే: లోకమునకు చెప్పిన దొకటి, తాను చేసినది వేరొకటి యని. అది రుజువగుట కోర్టు పని. కాని అట్టి పాపము సాధ్యమే యని యొప్పుకొనవలెను. పదిరెండు ఖాతాలతో ధర పెంచవచ్చిన షేరును అంత సులువుగనే పడగొట్టవచ్చును గూడ. అందుచే చౌక షేరులకు షార్టు సెల్లింగు తలుపులు బార్లా తెరువుమని మేము కోరము.

మా వాద మింతకంటె చిన్నది. చెప్పినవాని లాభము చెప్పినమాటకు ఖండనము గాదు. 2011 జూన్‌లో మడ్డీ వాటర్సు అను సంస్థ, టొరంటోలో షేరులమ్మిన సైనో-ఫారెస్టు కంపెనీకి చైనాలో ఉన్నవని చెప్పిన యడవులలో పెక్కు లేనే లేవని వ్రాసెను. వ్రాసినవారు ఆ షేరును ముందే అమ్మియుండిరి. ఆ సంగతి దాచను లేదు. దురాశాపరులని వారిని నాడు తిట్టనివారు లేరు. మరుసటి యేడు మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరెను. 2017లో ఒంటారియో సెక్యూరిటీసు కమిషను అది మోసమే యని నిర్ణయించెను. తిట్టిన కాలమున అడవిని వెదకియుండినచో కొందఱి సొమ్మైన దక్కియుండును.

మెచ్చువారికి లాభము లేదా? షేరు నమ్మజూపు బ్రోకరునకు లేదా? దీనిని గూర్చి తెలుగువారికి వేరుగా చెప్పనక్కఱలేదు. సత్యము కంప్యూటర్సు పెన్నీ షేరు గాదు. హైదరాబాదునకే గర్వకారణమైన కంపెనీ. 2008 సెప్టెంబరులో పరిపాలనాదక్షతకై దానికి గోల్డెన్ పీకాక్ బహుమాన మిచ్చిరి. 2009 జనవరి 7న అధ్యక్షుడే లెక్కలు బూటకమని ఉత్తరము వ్రాసెను; 179 రూపాయలున్న షేరు నాడే 40 రూపాయలకు దిగెను. ఆడిటర్లు, డైరెక్టర్లు, మెప్పు నివేదికలు వ్రాసినవారు, అందఱును అంతవఱకు చూచుచునే యుండిరి. ఆ రోజులలో ఎవడైన ఆ బ్యాంకు నిల్వలు చూపుడని వ్రాసియుండినచో వానిని మన యూరిలోనే తెలుగుజాతి ద్రోహి యనియుందుము. మేమును అనియుందుమేమో.

ఈ ద్రోహమను మాటనుగూర్చి యొక్క ముక్క. 2023 జనవరిలో అమెరికాకు చెందిన హిండెన్‌బర్గు సంస్థ అదానీ సమూహముపై నివేదిక వెలువరింపగా, ఆ సమూహ మిచ్చిన ప్రత్యుత్తరమున నిది భారతదేశముపై దాడి యని వ్రాయబడెను. ఆ యారోపణలలో సెబీ ముందుకు వచ్చినవాని కొన్నిటిని 2025 సెప్టెంబరులో ఆ సంస్థయే నిలువవని కొట్టివైచినది. అది యొప్పు గావచ్చును. విచారించి, కాగితములు చూచి చెప్పిన మాట గనుక గౌరవింపదగినది. కాని కంపెనీని కొలుచుటకు లెక్కల పుస్తకమే కొలబద్ద గాని జెండా గాదు. ఇట్టి పెద్ద సమూహమునకు వందల పుటల ప్రత్యుత్తర మిచ్చు శక్తి యుండును. అదే జెండా మాటున రెండు రూపాయల షేరుగల కంపెనీ యొకటి దాగినచో, దానికి ప్రత్యుత్తర మిచ్చు పనియే తప్పిపోవును. దేశభక్తి పేరు చెప్పి బజారున చెల్లని నాణెము మార్చువానిని మనము ఊరకుందుమా?

కావున నిందకు లాభాపేక్ష కలదా యని వాదులాడుట మాని, నివేదికలో చెప్పిన కాగితమున్నదా, ఊరున్నదా, గోదామున్నదా, గోదాములో సరుకున్నదా యని చూడవలెను. ఏ షేరును ఎంత అమ్మెనో వ్రాసినవాడు పేరుతో, సంతకముతో చెప్పవలెను. షార్టు అమ్మకమును అమ్మునపుడే తెలుపుట పెద్ద సంస్థలకు విధి యైనట్లే, నివేదిక వ్రాయువానికిని విధింపవలెను. అట్లు వ్రాసినవాడు కాగితములు చూపగలిగినంతవఱకు క్రిమినలు నోటీసు వానిని తాకరాదు.

ఇంకొకటి సెబీ చేతిలోనే యున్నది. పత్రికలలో వచ్చిన వదంతి షేరు ధరను కదల్చినచో ఇరువదినాలుగు గంటలలో అవుననో కాదనో చెప్పవలెనను నియమము 2024 జూన్ నుండి మొదటి నూఱు పెద్ద కంపెనీలకును, డిసెంబరు నుండి మొదటి రెండువందల యేబదింటికిని వర్తించుచున్నది. వదంతియే సరుకుగా బ్రతుకు చిన్న కంపెనీలు దాని వెలుపల నున్నవి. సాధనా బ్రాడ్‌కాస్టు నా వారమే అడిగియుండినచో, 1,100 కోట్ల ఒడంబడికను గూర్చి ఒక్క వాక్యమైన వ్రాయక తప్పెడిది గాదు.