గులాబిరంగు కన్నం

మదర్‌బోర్డుతోపాటే ఉచితంగా వచ్చే ఆడియోను తిట్టిపోయడం మన సంగీతప్రియులలో ఒక మర్యాదగా స్థిరపడిపోయింది. (దీన్ని తల్లిపలక అనాలనే మిత్రులతో నాకు పేచీ లేదు, ఇక్కడ మాత్రం దుకాణంలో అడిగే పేరే వాడుతున్నాను.) "అందులో వింటే పాట విన్నట్లేనా? ముందు ఒక సౌండు కార్డు కొనండి" అని తీర్పు చెప్పేస్తారు. ఈ తీర్పులో సగం పాతబడిన నిజం, తక్కిన సగం గురితప్పిన కోపం అని నా అభియోగం.

ఇంటెల్ 1997లో తెచ్చిన ఏసీ'97 ప్రమాణపు రోజుల్లో ఆ ఫిర్యాదుకు ఆధారం ఉండేది. ఆనాటి చవక చిప్పులు చాలావరకు సెకనుకు 48,000 నమూనాల లెక్కలోనే పనిచేసేవి. సీడీలో ఉండేవి 44,100. ఒక లెక్కను మరొక లెక్కలోకి మార్చే పని మొరటుగా సాగేది. అందరూ ఆరాధించిన 1998 నాటి సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు కూడా లోపల 48,000కే మార్చుకునేదని ఆరాధకులు ఎందుకో చెప్పరు. 2004లో హై డెఫినిషన్ ఆడియో ప్రమాణం వచ్చాక ఆ చిక్కు తీరింది. ఎన్నో మామూలు బోర్డులపై కనిపించిన రియల్‌టెక్ ఏఎల్‌సీ892 చిప్పుకు, పాట వినిపించే దిశలో, సంకేతానికీ రొదకూ మధ్య తయారీదారు చెప్పే అంతరం 95 డెసిబెళ్ళు. 16 బిట్ల సీడీ సిద్ధాంతరీత్యా ఇవ్వగలిగినది సుమారు 96. ఇంట్లో సీలింగు ఫ్యాను తిరుగుతూండగా ఈ రెంటి తేడా పట్టగలనన్నవారికి నా నమస్కారాలు.

అలాగని బోర్డులు అమ్మేవారిని వెనకేసుకు రావడం లేదు. వారి అట్టపెట్టెలపై "120 డెసిబెళ్ళు" అని బంగారు రంగులో ఉంటుంది. అది ఏఎల్‌సీ1220 వంటి చిప్పుకు దాని తయారీదారు ఇచ్చిన అంకె. మనం హెడ్‌ఫోను గుచ్చే కన్నం దగ్గర కొలిచిన అంకె కాదు. ఆ రెంటి మధ్య గ్రాఫిక్సు కార్డూ, కరెంటు సరఫరా భాగాలూ, పెట్టె ముందుభాగానికి సాగే బక్కచిక్కిన తీగా ఉన్నాయి. మౌసు కదిపినప్పుడల్లా చెవిలో చీమ పాకినట్లు వినిపించే శబ్దం ఆ ఇరుగుపొరుగుది. చిప్పును తిట్టి ప్రయోజనమేమిటి? పైగా ఆ ఇరుగుపొరుగును వేరుచేశామంటూ బోర్డుపై ఒక గీత గీసి, దాని వెంట ఎర్రదీపాలు వెలిగిస్తారు. దీపాలకు చెవులుంటాయని నాకు తెలియదు.

అయినా ఇదంతా వినే సంగతి. వినేటప్పటి రొద రేపు మంచి పరికరం కొంటే పోతుంది. నా కోపం లోపలికి వెళ్ళే దిశ గురించి. రికార్డు చేసేటప్పుడు చేరిన రొద ఎన్నటికీ పోదు. సౌండు కార్డుల గురించి పుటలకు పుటలు వాదించినవారు ఆ వైపు కన్నెత్తి చూడలేదు.

మా అమ్మమ్మ పాడిన పెళ్ళిపాటలు ఒక 60 నిమిషాల క్యాసెట్టులో ఉండేవి. తలంబ్రాల పాట, అప్పగింతల పాట, మధ్యలో ఎవరో పిల్లవాడి ఏడుపు. 2005లో దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాను. టేపు రికార్డరు హెడ్‌ఫోను కన్నంనుంచి తీగ తెచ్చి, పెట్టె ముందున్న గులాబిరంగు కన్నంలో గుచ్చాను. అది మైకు కోసం పెట్టినది. మైకు ఇచ్చే సంకేతం అతి బలహీనం కనుక దాన్ని ఎన్నోరెట్లు పెంచే ఏర్పాటు అక్కడ ఉంటుంది. బలమైన సంకేతాన్ని అందులో పోస్తే గొంతు పగులుతుంది. వెనకవైపు నీలిరంగులో లైన్ ఇన్ అనే కన్నం ఈ పనికే ఉన్నదని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దానికి తోడు మా ఇంటి ఎర్తింగు పేరుకు మాత్రమే. క్యాబినెట్టును తాకితే వేలు జివ్వుమనేది. ఆ లీకు కరెంటు ఆడియో తీగ గుండా టేపు రికార్డరులోకి దారి చేసుకుని, పాట పొడవునా 50 హెర్ట్జుల హోరుగా అచ్చయింది. అమ్మ విని, "అమ్మమ్మ పాడుతుంటే ఆ ఈగ ఏమిట్రా?" అన్నది.

క్యాసెట్టుకు, డాల్బీ లేకుండా, దక్కే అంతరం మహా అయితే 50, 55 డెసిబెళ్ళు. నేను పైన చెప్పిన ఏఎల్‌సీ892కు రికార్డు చేసే దిశలో 90. అంటే ఆ మామూలు చిప్పు కూడా మా అమ్మమ్మ పాటకు అవసరమైనదానికంటె ఎంతో విశాలమైనది. చాలనిది కన్నమూ, తీగా, నా తెలివీ.

ఇళ్ళలో ఇంకా క్యాసెట్లున్నవారు సౌండు కార్డుకోసం ఆగవద్దు. బల్లమీది కంప్యూటరైతే వెనకనున్న నీలికన్నం వాడండి. టేపు రికార్డరును బ్యాటరీలపై నడపండి. నీలికన్నమున్న పాత ల్యాప్‌టాప్ దొరికితే ఛార్జరు తీసేయండి, హోరులో అధికభాగం అక్కడే ఆగుతుంది. నేటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఆ కన్నమే లేదు. వాటికి యూఎస్‌బీ పరికరం కొనక తప్పదు. కొనేముందు అందులో స్టీరియో లైన్ ఇన్ ఉన్నదో లేదో చూడండి, చవకవాటిలో తరచు మైకు మాత్రమే ఉంటుంది. విండోసులో రొద తగ్గించే సోకులన్నీ ఆపేయండి. తంబురా శ్రుతిని కూడా అవి రొద అనుకుంటాయి. ఎంపీ3గా కాక వేవ్‌గా గాని ఫ్లాక్‌గా గాని దాచండి. అన్నిటికంటె ముఖ్యం, ఎక్కించిన తరువాత క్యాసెట్టు పారేయకండి.

మేము పారేయలేదు గాని, వానాకాలాలు దాన్ని బతకనివ్వలేదు. టేపుకు బూజు పట్టి అతుక్కుపోయింది. ఆ ఈగను తీసేద్దామని ఒకసారి కూర్చున్నాను. 50, 100, 150, 200 హెర్ట్జుల దగ్గర వరుసగా కోసుకుంటూ వెళ్ళాను. హోరు పోయింది. దానితోపాటు అమ్మమ్మ గొంతులోని కింది బరువూ పోయి, ఎవరో పరాయి మనిషి పాడినట్లున్నది. ఆ ఫైలు చెరిపివేసి, ఈగ ఉన్న పాతదే ఉంచాను.