రేకుల లెక్కతోపాటు కాలిన చేతుల లెక్కా రాయండి

ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారులకు, రేకులు తీసే అక్కచెల్లెళ్ళకు విన్నపం.

2023లో మన పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరంతా సంతోషించాం. ఆ రేకు తీసే ఆడమనిషి చేతికి, కంటికి, ఊపిరికి ఏమవుతోందో మాత్రం రాసిపెట్టే అలవాటు మనకింకా రాలేదు.

పని ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద లాగి, క్షణంలో ఆరిన రేకును వేళ్ళతో ఎత్తాలి. గంటల తరబడి అదే. చెయ్యి తగిలితే బొబ్బ. ఆకు ఎగదోసేటప్పుడు కొంగంటుకునే భయం. అంతకన్నా మొండిది పొగ. ఆకుల పొగ, కట్టెల పొగ ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తూనే ఉంది. ఇరవయ్యేళ్ళు రేకులు తీసిన మనిషికి ఆయాసం వస్తే, అది పొయ్యి దగ్గర వచ్చిందని చూపడానికి ఒక్క కాగితం ఉండదు.

దెబ్బ తగిలి 48 గంటలు పనిచేయలేకపోతే యజమాని ఇన్‌స్పెక్టరుకు తెలపాలని, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఇంటి పొయ్యి దగ్గర ఒకరిద్దరు చేసే పని దాని కిందికి రాలేదు. ఇంట్లో పనిచేసేవారికీ సమాన రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒడంబడిక చేసింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు. అందాకా ఆగాలా?

"మేం రేకు కొంటున్నాం, కూలికి పెట్టుకోలేదు" అంటారు కొందరు. ఆర్డరు మీది, రేటు మీది, అమ్మకం మీది. గాయం ఒక్కటే ఆమెదా?

రేకుల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ విడిచిపెట్టండి. పేరు, తేదీ, ఏం జరిగింది, ఎన్నాళ్ళు పని పోయింది, వైద్యం ఖర్చు ఎవరు పెట్టారు, అంతే. దగ్గు, కళ్ళమంట కూడా రాయండి. నకలు ఆమెకివ్వండి. నెలకోసారి గ్రామ సచివాలయంలో అందజేసి రసీదు తీసుకోండి. కాలిన చేత్తో వచ్చినవారిని ఏ పని చేస్తుండగా కాలిందో అడిగి, ఓపీ చీటీ మీద రాయమని ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని కూడా కోరుతున్నాం.

రాయిస్తే ఆర్డరు పోతుందని భయపడే అక్కలున్నారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఒక్క షావుకారు కాదు, అందరూ కలిసి మొదలుపెట్టాలి. రాయించినందుకు ఎవరి పనీ ఆపబోమని ఊరి పెద్దల ముందు మాటివ్వాలి. దసరా, దీపావళి ఆర్డర్లు రాకముందే ఆ పేజీ తెరవండి.